గాలి తోరణం

వెనకాల బస్సు గుర్రుమంటూనే ఉంది. తిరిగి చూడకూడదు, చూస్తే మెడ తిరుగుతుంది, మెడతో పాటు నడుం తిరుగుతుంది, నడుం తిరిగితే అడుగు తడబడుతుంది అని పరుగు నేర్పే డ్రిల్లు మాస్టారు ఏడాది పొడుగునా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు, కానీ ఆ ఇంజను చప్పుడు వీపుకి తగులుతుంటే చూడకుండా ఉండడం అంత తేలికా, పైగా ఆ స్టీరింగు ముందు కూర్చున్నవాడు ముక్కూ మొహం తెలియని మనిషైతే అదో దారి, కట్టుకున్న మొగుడాయె. పందెంలో పరిగెత్తలేక చతికిలపడ్డవాళ్ళని ఎక్కించుకుంటూ, చిట్టచివరి మనిషి వెనక నత్తలా రావలసిన బస్సు అది. పరుగు సంఘంవాళ్ళు దాన్ని చీపురు బస్సు అంటారు, రోడ్డు మీద మిగిలినవాళ్ళని ఊడ్చుకొస్తుంది కనుక. ఆ చీపురు ఈసారి తన మొగుడి చేతికొచ్చింది. పొద్దున్నే "డ్యూటీ పడింది" అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయిన మనిషి, తీరా ఆమె కాలివేళ్ళకి వాజలీను పట్టించి, గుండె మీద నంబరు గుడ్డని పిన్నీసులతో గుచ్చుకుని మైదానానికి చేరేసరికి, బస్సు కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టుకుని కూర్చున్నాడు. "ఏమోయ్, చివరికి నా బండే ఎక్కుతావు చూడు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, పళ్ళన్నీ కనబడేట్టు నవ్వింది గానీ లోపల ఒళ్ళు మండిపోయింది, చచ్చినా ఎక్కను అని అక్కడికక్కడే అనుకుంది.

అనుకోవడానికేం, రోడ్డు పక్క గోదాముల గోడ ఇంకా అవలేదు. ఈ గోడకి ఒక చివర ఉన్నట్టు కనబడుతుంది గానీ మనం ఎంత పరిగెడితే అదీ అంత పరిగెడుతుంది, మనకంటే దానికే బాగా సాధన ఉన్నట్టుంది. ముందు పోస్టుమాస్టరుగారు. మోకాళ్ళ దాకా లాగిన చారల మేజోళ్ళు, నెత్తి మీద తువ్వాలు, పదవీ విరమణ చేసిన రోజు నుంచి ప్రతి పందెంలోనూ కనబడుతున్న మనిషి, చివరి నుంచి రెండో స్థానం ఆయన సొంత ఆస్తి. చివరిది ఈమెది. ఎన్నేళ్ళుగానో వాళ్ళిద్దరి మధ్యా ఈ పంపకం ఏ గొడవా లేకుండా నడుస్తోంది. ఈమెకి చివర రావడం గురించి బాధ లేదు, ఎవరో ఒకరు చివర రాకపోతే ముందొచ్చినవాళ్ళకి విలువేముంటుంది అని తనే అందరికీ చెబుతుంది. బాధల్లా ఆ తోరణం గురించి. పసుపుపచ్చ రంగు గాలి తోరణం, మైదానం చివర మోటారుతో గాలి కొట్టి నిలబెడతారు, దాని కిందనుంచి దాటితేనే పరుగు ముగిసినట్టు. పోయినేడు ఆమె మైదానం గేటు దాటేసరికి ఆ తోరణం ఒక పక్కకి ఒరిగి, మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె కళ్ళముందే బోర్లా పడుకుంది. అప్పటి చీపురు బస్సు డ్రైవరు విసుగొచ్చి పక్కదారిన ముందే మైదానానికి వచ్చేశాడు, బస్సు గేట్లోకి వచ్చిందంటే పందెం అయిపోయినట్టే లెక్క, అది ఈ సంఘంలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు, బస్సు కనబడగానే మోటారు దగ్గర మనిషి స్విచ్చి కట్టేస్తాడు. ఆమె ఏం చెయ్యాలో తోచక, పడుకున్న మనిషిని దాటినట్టు ఆ పసుపు గుడ్డని ఒక్కో కాలూ ఎత్తి దాటింది. "అయ్యో, ఇంకా మీరున్నారా అక్కా?" అన్నాడు మోటారు మనిషి, తాళ్ళు చుట్టుకుంటూ. ఉన్నాను నాయనా, ఇంకా ఉన్నాను. ఆ మాట మనసులో ఏడాదంతా తిరిగింది. ఈసారి గాలి ఉన్న తోరణం కిందనుంచి దాటాలి, తల పైకెత్తితే పసుపుపచ్చగా కనబడాలి, అంతే, పతకం కూడా అక్కర్లేదు.

పతకాలకేం తక్కువ, వంటింట్లో టీ వడకట్టే జల్లెడ పక్కన మేకుకి వేలాడుతున్నాయి, పరిగెత్తినవాళ్ళందరికీ ఇస్తారు, తలుపు గాలికి కొట్టుకున్నప్పుడల్లా గలగలమంటాయి. మొదటిసారి తెచ్చినప్పుడు ఆయన దాన్ని చేత్తో తూచి, "ఇది వెనక కూడా ఒకటి తగిలించుకోవాలి, నంబరు ప్లేటు రెండు వైపులా ఉండాలి" అన్నాడు. నవ్వించేవాడు అప్పుడు. మొదటి పందేనికి ముందురోజు కొన్న కొత్త బూట్లు వేసుకుని వెళ్ళి, గోరు నల్లబడి కుంటుకుంటూ వస్తే, వేడినీళ్ళ బకెట్టు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి, కొత్త బస్సుని కూడా మొదటి రోజే దూరం తిప్పరే పిచ్చిదానా అన్నాడు. నిజమే మరి, పందెం రోజున కొత్త బూట్లు వేసుకోవడం కంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదని పరిగెత్తేవాళ్ళందరికీ తెలుసు, అందరూ ఒకసారి చేసే తెలుసుకుంటారు. ఆ గోరు ఊడిపోయాక పనిచేసే చోట తోటి మనిషి, "ఇన్ని పళ్ళు చేస్తావు, ఒక గోరు చేసి అతికించుకోలేవూ?" అంది. కట్టుడు పళ్ళ పని ఆమెది. రోజంతా స్టూలు మీద కూర్చుని, మైనంలో పన్ను పక్కన పన్ను నిలబెట్టి, పై వరస కింది వరసా కొరికించి చూసి, అరగదీసి, మెరుగుపెట్టి, మొహమైనా చూడని మనుషుల నోళ్ళకి నవ్వులు తయారుచేస్తుంది. సంఘంలో అందుకే ఆమెని పళ్ళక్క అంటారు. మెరుగుపెట్టే మోటారుకి కుడికాలి కింద పెడలు ఉంటుంది, ఏళ్ళ తరబడి దాన్ని నొక్కీ నొక్కీ ఆ అలవాటు పరుగులోకి కూడా వచ్చేసింది, కుడి అడుగు పడినప్పుడల్లా మునివేళ్ళు నేలని నొక్కుతాయి, అందుకే ఏ జత బూట్లయినా కుడిదాని ముందుభాగమే ముందు అరుగుతుంది, ఎడమది కొత్తగానే ఉంటుంది. బూట్ల కొట్టువాడు తిరగేసి చూసి, "ఏంటమ్మా, ఒంటికాలి మీద పరిగెడతారా?" అని అడిగాడు.

ఇప్పుడు వేసుకున్నవి పాతవీ కావు కొత్తవీ కావు, వాటి మంచి వయసులో ఉన్నాయి. నీలం రంగు, నాలుక దగ్గర కొంచెం చిరుగు, లేసులు రెండు ముళ్ళు వేసి చివరలు లోపలికి దోపింది, పోయినేడు లేసు ఊడి వంతెన మీద కూర్చుని కట్టుకోవలసివచ్చింది కదా, కూర్చున్నాక లేవడం ఎంత కష్టమైపోయిందో. కూర్చోకూడదు. నిలబడకూడదు. నడిచినా ఫరవాలేదు గానీ నిలబడకూడదు అంటాడు డ్రిల్లు మాస్టారు. ఊపిరి లోపలికి, ఊపిరి బయటికి, కుడికాలు పెడలు, ఎడమకాలు ఊరికే. ఎవరు తరుముతున్నారే నిన్ను? అది ఆయన మాట. చెమటతో తడిసి ఇంటికి వచ్చినప్పుడల్లా పేపరు మడిచి పక్కన పెట్టి అడిగేవాడు, ఎవరు తరుముతున్నారే నిన్ను, కుక్కలా, పోలీసులా, మీ యజమానా? ఆమె మూతి విరిచి స్నానానికి పోయేది. వీధి చివరి కొట్టుకి కూడా నడవని మనిషి, కూర్చునే ఊరంతా తిరిగే ఉద్యోగం, ఆయనకి పరుగంటే ఏం అర్థమవుతుంది అనుకునేది. అలా ఎన్ని వందల సార్లు అడిగాడో. కానీ ఒక పొద్దున్న ఆమె గుమ్మంలో కూర్చుని లేసులు కడుతుంటే వెనక నిలబడి అదే మాట అడిగాడు, ఎవరు తరుముతున్నారే నిన్ను, అని ఆగి, "నేనేనా?" అన్నాడు. గొంతులో నవ్వు లేదు. ఆమె తల ఎత్తలేదు. ఎత్తి ఏదో ఒకటి చెప్పి ఉంటే సరిపోయేది, మీ మొహం అన్నా సరిపోయేది, కానీ లేసు మీదే చూపు పెట్టుకుని కూర్చుంది, ఆ తర్వాత లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆయన అడగడం మానేశాడు. ఇన్నాళ్ళూ చెవిలో జోరీగలా వినిపించిన మాట ఆగిపోతే హాయిగా ఉండాలి కదా, ఉండలేదు. పేపరు మడవకుండా దాని వెనకనుంచే "వచ్చావా?" అనేవాడు. అంతే. అసలు ఈ మధ్యకాలంలో ఆయన నోట హాస్యం విన్నది ఇవాళే, ఏమోయ్, చివరికి నా బండే ఎక్కుతావు చూడు. తనేమో మండిపడింది. గోడ అయిపోయింది, ఎప్పుడయిందో తెలియనే లేదు.

మలుపు తిరిగాక నీళ్ళ బల్ల. అక్కడ గడియారం ఉన్నాడు. మణికట్టు నిండా ఉండే పెద్ద వాచీ పెట్టుకుని, ఎవరు అడిగినా అడగకపోయినా వాళ్ళ వేగం లెక్కగట్టి చెబుతుంటాడు కనుక అతనికి ఆ పేరు. ఈ ఏడు మడమ బెణికి పరిగెత్తలేక నీళ్ళు అందిస్తున్నాడు. బస్సు డిపోలో గుమాస్తా, ఆమె భర్తకి రోజూ కనబడే మనిషే. "నీళ్ళు తాగండి అక్కా, గ్లాసు నొక్కి పట్టుకుని తాగండి, ముక్కులోకి పోతాయి" అంటూ కుంటుకుంటూ పక్కనే నాలుగడుగులు వేశాడు. వెనక బస్సు ఆగింది, ఇంజను మాత్రం నడుస్తోంది.

"మావాణ్ణి చూశారా, ఎంత పద్ధతిగా తోలుతున్నాడో," అన్నాడు గడియారం.

"డ్యూటీ పడితే తోలక ఏం చేస్తారు," అంది ఆమె రొప్పుతూ.

"డ్యూటీ పడడమేంటక్కా? అడిగి వేయించుకున్నాడు. పోయినేడు తోరణం సంగతి నేనే చెప్పాను, మీరు ఇంట్లో చెప్పలేదంటగా. మర్నాడు పొద్దున్నే వచ్చి ఆ బస్సు నాకే కావాలని కూర్చున్నాడు. పక్కదారి పట్టనివాడు తోలాలంట."

ఆమెకి నీళ్ళు నిజంగానే ముక్కులోకి పోయాయి. దగ్గుతూ ముందుకు సాగింది, ఖాళీ గ్లాసు ఎక్కడ పడేసిందో గుర్తులేదు, వెనక బస్సు మళ్ళీ కదిలిన చప్పుడు వీపుకి తగిలింది, ఇందాకటి చప్పుడే, కానీ ఇందాకటిలా లేదు. అడిగి వేయించుకున్నాడట. సెలవు రోజు. సెలవు రోజున దుప్పటి తీయడానికి కూడా ఒకరు కావాలే ఆయనకి. ఒక్క ముక్క చెబితే నోటి ముత్యాలు రాలతాయా, చెప్పడు, డ్యూటీ పడింది అంటాడు. మరి తను చెప్పిందా? తోరణం పడిపోయిందని చెప్పిందా? పతకం మేకుకి తగిలించి, అయిపోయింది అని వంటలో పడింది. చెప్పనివి ఇద్దరి దగ్గరా సమానంగానే ఉన్నాయన్నమాట. కాదు, తన దగ్గరే ఒకటి ఎక్కువ.

ఆ ఒకటి ఆసుపత్రి మెట్ల మీద ఉంది. ఎక్కడ ఉన్నా అప్పుడప్పుడు ఆ మెట్ల మీదే ఉంటుంది ఆమె. బూడిదరంగు మెట్లు, అంచులకి ఇత్తడి పట్టీలు, పక్కన చల్లటి ఇనప చువ్వ. ఆ రోజు మైనం కరుగుతుండగా ఫోను వచ్చింది, మీవారు బస్సు పక్కకి ఆపి కడుపు పట్టుకుని పడిపోయారు, ఆసుపత్రికి తీసుకెళ్ళాం, వెంటనే రండి. చేతులకి పళ్ళ అచ్చుల సుద్దపొడి అలాగే ఉంది. ఆసుపత్రిలో నాలుగో అంతస్తు అన్నారు, లిఫ్టు ముందుకెళితే తలుపుకి అడ్డంగా అట్ట వేలాడుతోంది, పనిచేయదని. మెట్లెక్కింది. మొదటి అంతస్తు దాకా పరుగులాంటిదే, రెండో దానికి నడక, మూడోది సగంలో ఉండగా ఊపిరి ఇక లోపలికి రానంది. రోజంతా స్టూలు మీద కూర్చునే ఒళ్ళు, అది ఎప్పుడు అంత బరువైందో, ఎప్పుడు తన మాట వినడం మానేసిందో ఆమెకి తెలియదు. మెట్టు మీద కూర్చుండిపోయింది. ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళు చుట్టూ తిరిగి పోతున్నారు, ఒకావిడ "ఏమైందమ్మా?" అంది. లేచి, చువ్వ పట్టుకుని, పంటి బిగువున మిగతా మెట్లు ఎక్కి వెళ్ళేసరికి ఆపరేషను గది తలుపు మూసేశారు. లోపలికి తీసుకెళ్ళిపోయారు. నర్సు వచ్చి ఆయన చెప్పులు, వాచీ ఆమె చేతుల్లో పెట్టింది. "మీకోసం తలుపు దాకా చూస్తూనే ఉన్నారు, ఇప్పుడే, ఈ నిమిషమే" అంది. లోపల పేగు పగిలి విషం పాకిందట, బతుకుతాడో లేదో ఆ పూట ఎవరూ చెప్పలేదు. ఆ చెప్పులు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్న గంటలు ఇప్పటికీ అరగలేదు ఆమెకి. బతికాడు, అదృష్టం, బతికి లేచి కూర్చుని, చూడడానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ "ఈవిడగారు పళ్ళు కట్టి తీరిగ్గా వచ్చేసరికి నన్ను కోసి కుట్టెయ్యడం కూడా అయిపోయింది" అని నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది. అప్పుడు చెప్పి ఉండవలసింది. మెట్ల దగ్గర నా ఒళ్ళు నన్ను మోసం చేసిందని చెప్పడానికి సిగ్గు, ఆ సిగ్గు మీద నవ్వు, ఆ నవ్వు మీద రోజులు పేరుకున్నాయి. ఆయన ఇంటికొచ్చిన వారంలోనే ఆమె పొద్దున్నే వీధి దీపం దాకా పరిగెత్తింది, తర్వాత ఆ పై దీపం దాకా. ఎవరూ తరమలేదు. ఇంకోసారి అలాంటి ఫోను వస్తే ఈసారి తలుపు మూయకముందే చేరాలి, అంతే. అదీ ఆమె పరుగు. ఆ మాత్రం చెప్పలేక లేసులు చూస్తూ కూర్చుంది, ఆయనేమో తన నుంచే పారిపోతోందనుకున్నాడు.

వంతెన ఎక్కుడు మొదలైంది. ఇక్కడ బండ్లే మూలుగుతాయి, మనుషులెంత. ముందు పోస్టుమాస్టరుగారు నిలబడిపోయాడు, వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు, ఆమె దగ్గరికి వచ్చేసరికి తల ఊపి, "అమ్మాయ్, కండరం పట్టేసింది, ఈ ఏడు నా స్థానం కూడా నీకే ఇచ్చేస్తున్నా" అన్నాడు. బస్సు పక్కకొచ్చి తలుపు తెరుచుకుంది. ఆయన్ని పైనుంచి ఎవరో చేయిచ్చి లాక్కున్నారు. లోపల అప్పటికే చాలామంది ఉన్నారు, బొబ్బలెక్కినవాళ్ళు, కడుపులో తిప్పినవాళ్ళు, ముందురోజు కొన్న బూట్లు వేసుకొచ్చి వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక కుర్రది. తెరిచిన తలుపు ఆమె పక్కనే మెల్లగా నడుస్తోంది. లోపల నీడ ఉంది, మెత్తటి సీట్లున్నాయి, ఒక్క అడుగు పక్కకి వేస్తే చాలు. కుడి తొడ వెనక సన్నగా లాగుతోంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఇదిగో మూడో అంతస్తు మెట్టు మళ్ళీ వచ్చింది, ఆ రోజు కూర్చున్న మెట్టు ఇదే, చువ్వ చల్లదనం అరచేతికి తెలుస్తోంది. డ్రైవరు సీట్లోంచి ఆయన వంగి చూశాడు, ఈసారి మొహంలో హాస్యం లేదు.

"ఎక్కుతావా?" అన్నాడు.

"ఎక్కను."

"ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. మీరు వెనకే రండి. ముందుకు పోకండి."

"పోనులే," అన్నాడు, అని తలుపు మూసి బస్సుని వెనక్కి తగ్గించాడు. కిటికీలోంచి పోస్టుమాస్టరుగారు తువ్వాలు ఊపుతూ, "కానీ అమ్మాయ్, కానీ!" అని అరిచాడు, ఆయనతో పాటు బస్సులో వాళ్ళంతా కిటికీలు కొట్టడం మొదలుపెట్టారు. ఆ గోలకి ఆమెకి నవ్వొచ్చింది, నవ్వితే ఊపిరి పాడవుతుంది, అయినా నవ్వొచ్చింది. మెట్టు దాటింది. ఆ పై మెట్టు కూడా. కుడికాలు పెడలు, ఎడమకాలు ఊరికే. వంతెన నడుమకి వచ్చేసరికి గాలి చల్లగా మొహానికి తగిలింది, అవతల దూరంగా చెట్ల పైనుంచి పసుపుపచ్చటి వంపు కనబడింది. నిలబడే ఉంది. గాలితో నిండుగా నిలబడే ఉంది. దిగుడులో కాళ్ళు వాటంతటవే పోతున్నాయి, వెనక బస్సు అంతే దూరంలో వస్తోంది, మొదటిసారి ఆ చప్పుడు తరుముతున్నట్టు కాక తోడు వస్తున్నట్టుంది. చెప్పేస్తాను, ఇవాళ చెప్పేస్తాను, మేకుకి పతకం తగిలించి ఊరుకోను, పేపరు లాగేసి ఎదురుగా కూర్చుని చెబుతాను, ఎవరూ తరమలేదండీ, ఒకసారి ఆలస్యమైంది, అంతే అని చెబుతాను, ఎలా మొదలుపెట్టాలో మాత్రం తెలియడం లేదు, తోరణం దాటాక ఆలోచించవచ్చు.

పెట్రోలు బంకు. బడి గోడ. మైదానం గేటు. గేట్లో డ్రిల్లు మాస్టారు ఈల ఊదుతూ "భుజాలు, భుజాలు దించు!" అని అరుస్తున్నాడు. గడ్డి మీదకి వచ్చేసరికి అడుగుల చప్పుడు పోయింది. ఎదురుగా తోరణం, దాని కింద జనం, జనంలో చేతులు. ఆమె వెనకే, చెప్పిన మాట తప్పకుండా, బస్సు గేట్లోకి వచ్చింది. బస్సు గేట్లోకి వచ్చింది! మోటారు మనిషి తల ఎత్తి బస్సుని చూశాడు, ఎప్పటిలాగే చూశాడు, బస్సు ముందు పరిగెడుతున్న మనిషిని కాదు, బస్సునే చూశాడు, ఇక అలవాటు కొద్దీ వంగి స్విచ్చి కట్టేసి, తీగ పీకి మోచేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. తోరణం నడుం సన్నగా ముడతపడింది. వద్దు అందామనుకుంది ఆమె, గొంతులో చాలినంత గాలి లేదు. ఎడమ స్తంభం మోకాలు వంచింది. పోయినేటిలాగే. అచ్చం అలాగే. తలుపు ఇప్పుడే, ఈ నిమిషమే మూస్తున్నారు. వెనక పోస్టుమాస్టరుగారి గొంతు వినబడింది, "నీ బస్సుని చూసే కట్టేశాడయ్యా, నీ బస్సుని చూసే!" తర్వాత బ్రేకు కీచుమంది, తలుపు దడాలున తెరుచుకుంది, తర్వాత ధబధబమని గడ్డి మీద అడుగులు.

ఆయన ఆమెని దాటుకుని పోయాడు. ఖాకీ చొక్కా లాగులోంచి బయటికొచ్చింది, పొట్ట ఎగిరెగిరి పడుతోంది, చేతులు ఈతకొడుతున్నట్టు ఆడుతున్నాయి, ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి పరిగెత్తడం ఆమె ఎన్నడూ చూడలేదు, ఇంత అధ్వానంగా పరిగెత్తేవాణ్ణి అసలే చూడలేదు. సగం దూరంలో ఎడమకాలి చెప్పు ఊడి పక్కకి ఎగిరిపడింది. ఆగలేదు, ఒంటి చెప్పుతోనే పోయాడు. పోయి, వంగుతున్న తోరణం కిందికి దూరి, రెండు చేతులూ పైకెత్తి దాన్ని పట్టుకున్నాడు. గుడ్డ ఆయన నెత్తి మీద కూర్చుంది. అది చూసి డ్రిల్లు మాస్టారు ఈల నోట్లోంచి తీయకుండానే పరిగెత్తాడు, బస్సులోంచి బొబ్బల కాళ్ళవాళ్ళు కుంటుకుంటూ వచ్చారు, కొత్త బూట్ల కుర్రది ఉత్త పాదాలతో వచ్చింది, పోస్టుమాస్టరుగారు పట్టేసిన కండరంతో సహా వచ్చాడు, ఎవరికి అందిన చోట వాళ్ళు పట్టుకుని ఎత్తారు. మోటారు మనిషి నాలిక్కరుచుకుని, చుట్టిన తీగ విప్పుతూ ఎక్కడ గుచ్చాలో తెలియక తిరుగుతున్నాడు. ఆమె దారిలో చెప్పు అడ్డం వచ్చింది. తోలు చెప్పు, మడమ దగ్గర అరిగి, వేలు దగ్గర కుట్టు వేయించినది, చేతికి బాగా తెలిసిన చెప్పు. వంగితే లేవలేనని తెలిసీ వంగింది. లేచింది. దాన్ని చేత్తో పట్టుకునే మిగతా దూరం పరిగెత్తింది.

చేతుల పందిరి కిందికి వచ్చి తల పైకెత్తింది. పసుపుపచ్చగా ఉంది. ఎండ గుడ్డలోంచి దిగి అందరి మొహాల మీదా అదే రంగు పడింది. ఎవరో ఫోటో తీశారు, అందరూ ఘొల్లున ఎందుకు నవ్వుతున్నారో ఆమెకి మొదట అర్థం కాలేదు, డ్రిల్లు మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ, "ముందు మొగుడు, వెనక పెళ్ళాం, ఆవిడ చేతిలో చెప్పు! ఈ ఫోటో సంఘం గోడకి పెట్టాలి!" అన్నాక అర్థమైంది. ఆయన చేతులు పైనే ఉన్నాయి, దించితే గుడ్డ అందరి మీదా పడుతుంది. రొప్పుతున్నాడు, మొహం కందిపోయింది. ఆమె చెప్పు ఆయన పాదం పక్కన పెట్టి, నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఎవరు తరుముతున్నారండీ మిమ్మల్ని?" అంది.

"కనబడ్డం లేదూ, నువ్వే," అన్నాడు. మళ్ళీ నవ్వారందరూ. ఆయన చెప్పులో కాలు దూర్చుకుంటూ, ఆమెకి మాత్రమే వినబడేట్టు, "నువ్వొచ్చేలోపు పడిపోతుందేమోనని భయమేసింది," అన్నాడు.

"అదే," అంది ఆమె. "నేనూ అందుకే."

"అందుకే అంటే?"

అప్పటికి మోటారు మళ్ళీ అందుకుంది, గుడ్డలోకి గాలి చేరి తోరణం వాళ్ళ చేతుల్లోంచి తనంతట తనే లేచింది, ఒక్కొక్కరూ చేతులు దించి భుజాలు రుద్దుకున్నారు. పతకం మెడలో వేశారు, ఎవరో అరటిపండు చేతిలో పెట్టారు. జనం పలచబడ్డాక ఆయన బస్సు తలుపు దగ్గర నిలబడి, "పందెం అయిపోయిందిగా, ఇప్పుడైనా ఎక్కుతావా?" అన్నాడు. ఎక్కింది. మెట్లు రెండే, చువ్వ పట్టుకోకుండా ఎక్కింది. డ్రైవరు పక్క సీట్లో కూర్చుని బూట్ల లేసులు విప్పింది, కుడి బూటు ముందు, తర్వాత ఎడమది. ఆయన తాళం తిప్పబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. బస్సులో మూలుగుతూ కూర్చున్నవాళ్ళు వాళ్ళ బొబ్బల గొడవలో వాళ్ళున్నారు. మేజోళ్ళు లాగి, పాదాలు చల్లటి ఇనప రేకు మీద ఆనించి, ఈసారి కిందికి చూడకుండా ఆయన కళ్ళలోకే చూసింది.

"ఆ రోజు ఆసుపత్రిలో లిఫ్టు చెడిపోయిందండీ," అని మొదలుపెట్టింది.